శబ్దవేధి నుంచి దుర్బిణి దాకా

ప్రత్తిపాడు చుట్టూ ఉన్న నల్లరేగడి బయళ్లలో పత్తి, మిరప చేలే తప్ప చాటునిచ్చే పొదలు తక్కువ కాబట్టి, ఇటువంటి నేలపై మృగాన్ని సమీపించడం వేటగాడికి ఎప్పుడూ కష్టమే. పొంచి వెళ్లే ఓర్పు లేనివాడికి దూరం నుంచి కొట్టడమే సులువుగా తోస్తుంది. ఆ సులువులోని ధర్మసందేహం తుపాకీతో పుట్టింది కాదు. ధ్వనిని బట్టి గురిచూసే శబ్దవేధి విద్యలో ఆరితేరిన దశరథుడు, కడవలో నీరు నిండుతున్న చప్పుడును ఏనుగు నీరు తాగే చప్పుడుగా భ్రమించి మునికుమారుణ్ణి చంపాడు. బాణం గురి తప్పలేదు, తప్పింది గుర్తింపు. మృగాన్ని చంపడం రాజులకు తగినదేనని పాండురాజు వాదించినప్పుడు, తన అభ్యంతరం చంపడంపై కాదని, సంగమ సమయంలో కొట్టడంపైనేనని జింక రూపంలో అతని బాణం తగిలిన కిందమ మహర్షి ఇచ్చిన బదులు కూడా ఇదే కోవలోనిది.

రైఫిల్, దానిపై అమర్చే దుర్బిణి వచ్చాక ఈ ప్రశ్న లెక్కల్లోకి దిగింది. 1906లో అమెరికా సైన్యం స్వీకరించిన ‘థర్టీ ఆట్ సిక్స్’ తరహా తూటాను 100 మీటర్లకు గురి కుదిర్చి 500 మీటర్లకు పేలిస్తే, అది దాదాపు 2 మీటర్లు కిందికి జారుతుంది. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి దాన్ని అరమీటరుకు పైగా పక్కకు నెడుతుంది. చేరడానికి ముప్పావు సెకను పడుతుంది. జారుడును యంత్రం సరిచేస్తుంది, గాలిని అనుభవం కొంతవరకు అంచనా వేస్తుంది, కానీ ఆ ముప్పావు సెకనులో జింక వేసే అడుగును ఏ నైపుణ్యమూ ఆపలేదు. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు జానెడే కాబట్టి, ఆ ఒక్క అడుగుతో ప్రాణం తీయవలసిన దెబ్బ పొట్టకో కాలికో తగులుతుంది. 1887లో థియొడోర్ రూజ్వెల్ట్ స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ చెప్పే ‘ఫెయిర్ చేజ్’, అంటే మృగానికి తప్పించుకునే అవకాశం మిగిల్చే వేట, ఇక్కడే చెదురుతుంది. గాయపడిన మృగాన్ని వెంబడించి బాధ ముగించడం వేటగాడి విధి. అర కిలోమీటరు అవతల నెత్తురు జాడ పట్టడం మాత్రం చెప్పినంత తేలిక కాదు. గాయంతో తప్పించుకున్న మృగం మనిషికీ ముప్పే కావచ్చు. 1907లో వేటగాడు జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టన పెట్టుకున్నదని లెక్క. పాత తుపాకీ దెబ్బకు దాని కుడివైపు కోరలు విరిగి ఉన్నాయి.

ఈ మైదానానికి పడమట నల్లమలలోని చెంచులది వేరే పద్ధతి. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో వెలువరించిన గ్రంథంలో కనిపించే చెంచులు ప్రధానంగా దుంపలు, పండ్లు ఏరుకుని బతికేవారు, వేటకు విల్లంబులు పట్టేవారు. విల్లుకు దూరం చాలదు కనుక మృగానికి దగ్గరగా వెళ్లక తప్పదు, గాలివాటం తెలియకా తప్పదు. ఆ అక్కరలోంచి పుట్టిన విద్యకే నేర్పు అన్న మాట ఎక్కువ తగుతుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణలతో మన దేశంలో వినోదపు వేట ముగిసింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక ఆ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. వేట ఆగినా చూడకుండా చంపడం ఆగలేదు. అడవిపందుల నుంచి పంటను కాపాడుకోవడానికి ఒకప్పుడు మంచె మీద రాత్రంతా మేలుకున్న చోట, ఇప్పుడు కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగి ఇంటికి పోతున్నారు. ఆ తీగకు పందికీ జింకకూ మనిషికీ తేడా తెలియదు. తెలుగు జిల్లాల్లో రాత్రివేళ పొలానికి నీరు పెట్టడానికి వెళ్లిన రైతులు కూడా అటువంటి తీగలకే బలయ్యారు.