ఖతర్ పెరళ్ళలో కోళ్ళు: గుడ్ల పెట్టెలు, పెట్టల పోరు

పెరటి కోళ్ళను గురించి మాట్లాడుకోవడానికి కొన్ని మాటలు ముందుగా తెలియవలెను. ఆడకోడి పెట్ట, మగకోడి పుంజు. పెట్ట గుడ్డు పెట్టే చోటు గూడు. దానిని చెక్కతో చేసి అమర్చితే గుడ్ల పెట్టె. పెట్ట, పెట్టె, పెట్టు అనే మూడింటినీ మన పిల్లలు తరచుగా కలిపివేస్తారు. "పెట్ట పెట్టెలో గుడ్డు పెట్టినది" అని రెండు మూడు మార్లు పైకి చదివితే తేడా నాలుకకు పట్టుబడుతుంది.

తోటల కాలంలో మన లైను ఇళ్ళ వెనుక నాలుగైదు కోళ్ళు లేని కుటుంబం అరుదు. పగలంతా తిరిగి మేసేవి. చీకటి పడితే వెదురు గంప కింద మూసేవారు. ఇప్పుడు మన కుటుంబాల పిల్లలు కొందరు ఖతర్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. దోహా నగరం వెలుపలి విల్లాల ప్రహరీ లోపల వారు కోళ్ళను పెంచుకుంటున్నారు. మజ్రాలు అని అక్కడ పిలిచే వ్యవసాయ క్షేత్రాలలో పనిచేసే తెలుగువారి గదుల పక్కన కూడా కోళ్ళు కనిపిస్తాయి. సూక్ వాకిఫ్‌లోని పక్షుల అంగళ్ళలో పెట్టలు దొరుకుతాయి. తెచ్చుకోవడం సులభమే. కాని తోటల నాటి మన అలవాట్లలో సగం ఆ ఎండకు పనికిరావు.

పెట్టలు ఒకదానినొకటి పొడుచుకోవడం కొత్త విషయం కాదు. ఏ మందలోనైనా ఎవరు ముందు తినాలి, ఎవరు వెనుక నిలవాలి అనే వరుస ఏర్పడుతుంది. దీనిని మొదట శాస్త్రీయంగా వివరించినవాడు నార్వే దేశస్థుడైన తోర్‌లీఫ్ షెల్డెరుప్-ఎబ్బె. చిన్ననాటి నుండి ఇంటి కోళ్ళను గమనించి వ్రాసుకొన్న వివరాలతో ఆయన చేసిన పరిశోధన 1922లో అచ్చయినది. వరుస ఒకసారి కుదిరితే పోరు తగ్గుతుంది. పై పెట్ట ఒక్క చూపు చూస్తే కింది పెట్ట తప్పుకుంటుంది. తప్పుకోవడానికి చోటు లేనప్పుడే రక్తం కనబడుతుంది.

ఖతర్‌లో చోటు అంటే నేల కాదు, నీడ. 2010 జులైలో దోహాలో 50.4 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదయినది. జూన్ 1 నుండి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 గంటల నుండి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట ఎండలో మనుషుల చేత పని చేయించరాదని 2021 నుండి అక్కడ నిబంధన ఉన్నది. కోడికి చెమట గ్రంథులు లేవు. దాని ఒంటి వేడి సహజంగానే 41 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. గాలి వేడి 30 డిగ్రీలు దాటేసరికి నోరు తెరిచి రొప్పుతుంది, రెక్కలు ఒంటికి ఎడంగా పెడుతుంది. పెరట్లో ఒకే చెట్టు నీడ, ఒకే నీళ్ళ పళ్ళెం ఉంటే ఆ రెండూ వరుసలో పైనున్న పెట్టల వశమవుతాయి. వరుసలో చివరిది ఎండలో నిలబడుతుంది. మంచి కాలంలో నాలుగు ఈకలతో పోయే పోరు అక్కడ వేసవిలో ప్రాణం మీదికి వస్తుంది.

మేము ఒక బంధువుల ఇంట చూచిన సంగతి చెప్పుతాము. ఎనిమిది పెట్టలు, పడమటి గోడకు బిగించిన రెండు రేకు పెట్టెలు. ఒక చిన్న గోధుమరంగు పెట్ట పొద్దస్తమానం ఒక పెట్టెలోనే ఉండేది. పొదుగుకు కూర్చున్నదని ఇంటివారు అనుకున్నారు. మేమూ అలాగే అన్నాము. పొదుగు మాన్పించడానికి మన పెద్దలు చేసినట్లే దానిని ఎత్తి బయట వదిలి, పెట్టె మూసివేశారు. మరునాటి మధ్యాహ్నం అది గోడ పక్కన చచ్చి పడి ఉన్నది. తల వెనుక ఈకలు లేవు, ఎండిన పుండ్లు ఉన్నాయి. అది పొదగడం లేదు, దాక్కున్నది. తక్కిన పెట్టల నుండి దానికి దొరికిన ఒకే మరుగు ఆ పెట్టె. దానిని మేమే మూయించాము.

ఈ రెండింటినీ వేరుగా గుర్తించడం కష్టం కాదు. పొదుగుకు కూర్చున్న పెట్ట ఒళ్ళు ఉబ్బించి బల్లపరుపుగా పరచుకుంటుంది. చేయి పెడితే గుర్రుమంటుంది, పొడుస్తుంది. రొమ్ము ఈకలు కొన్ని పీకి గూటిలో వేసుకుంటుంది. రాత్రి కూడా దిగదు. దాక్కున్న పెట్ట ఒళ్ళు ముడుచుకొని, తల మూలకు పెట్టి, మౌనంగా ఉంటుంది. తక్కినవి దూరం పోయినప్పుడు దిగివచ్చి గబగబ తిని మళ్ళీ ఎక్కుతుంది. ఎత్తి చూస్తే తేలికగా ఉంటుంది. అనుమానం వచ్చినప్పుడు మొదట తల వెనుక, తోక మొదట్లో ఈకలు విడదీసి చూడవలెను.

ఇక పెట్టెలు. నాలుగైదు పెట్టలకు ఒకటి చాలునని సాధారణ లెక్క. ఖతర్ వంటి చోట మేము మూడింటికి ఒకటి అంటాము. పెట్టలు మూడు పెట్టెలున్నా ఒకదాని ముందే బారులు తీరడం మామూలే. అయినా కింది పెట్టకు మరొక దారి ఉన్నదన్నదే ముఖ్యం. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు సరిపోతుంది. ముందు నాలుగంగుళాల గడప ఉంటే పరిచిన గడ్డి జారిపోదు. గుడ్డు పెట్టిన వెంటనే గుదద్వారం లోపలి ఎర్రని పొర ఒక్క క్షణం బయటికి కనబడుతుంది. వెలుతురులో దానిని చూచి పక్క పెట్ట పొడుస్తుంది. ఆ గాయంతో చచ్చే పెట్టలున్నాయి. కాబట్టి లోపల చీకటిగా ఉండవలెను. వాకిలికి పాత గోనె ముక్క వేలాడదీస్తే చాలు. రాత్రి కూర్చునే దండెం పెట్టెలకన్నా ఎత్తుగా ఉండవలెను. లేకుంటే పెట్టెలోనే నిద్రించి రెట్టతో పాడుచేస్తాయి.

రేకు పెట్టె వద్దు. పడమటి గోడ అసలే వద్దు. పండ్లు వచ్చే చెక్క పెట్టెలను ఉత్తరపు గోడకు పెట్టి, వెనుక పలకల సందులు అలాగే వదిలితే గాలి ఆడుతుంది. పైన ఖర్జూరపు మట్టల పందిరి వేయవచ్చు. గల్ఫ్ దేశాలలో పూర్వం అటువంటి మట్టలతోనే అరీష్ అనే పాకలు కట్టుకునేవారు. పందిరి ఒకే చోట పెద్దగా కాక రెండు మూడు చోట్ల చిన్నవిగా వేయడం మేలు. ఒక పెట్ట మూడు నీడలను ఏలలేదు.

జూన్‌లో షమాల్ గాలి పొడిగా వీచేటప్పుడు తడి గోనెలు కడితే పెరడు చల్లబడుతుంది. ఆగస్టులో సముద్రపు తేమ పట్టిన తరువాత అదే తడి గోనె ఉక్కను పెంచుతుంది. కోడి రొప్పి వేడి పోగొట్టుకునేది నోటి తడి ఆవిరి కావడం వలననే. తేమగాలిలో ఆ ఆవిరి పోదు. అప్పుడు గోనెలు విప్పి ఫ్యాను పెట్టవలెను. మిద్దె మీది ట్యాంకు నీళ్ళు వేసవిలో వేడినీళ్ళే, కోళ్ళు వాటిని ముట్టవు. మట్టి కుండలో రాత్రి పోసి ఉంచిన నీళ్ళు, మధ్యాహ్నం కొంచెం మంచు వేసి, కనీసం రెండు చోట్ల పెట్టవలెను.

రక్తం కనబడిన పెట్టను ఆ క్షణమే వేరుచేయాలి, ఎరుపు చూచి మంద అంతా మీద పడుతుంది. దానిని దూరంగా కాక వల తెర వెనుక, మందకు కనబడేటట్లు ఉంచితే తిరిగి కలపడం సులభం. కొత్త పెట్టలను తెచ్చినప్పుడు కూడా రెండు వారాలు ఇదే తెర. ఒంటరి పెట్టను తేవద్దు, జంటగా తేవలెను. ఆంధ్ర తీరంలో పందేలకు పెంచే అసీల్ జాతి పెట్టలను గుడ్ల జాతులతో కలపకపోవడం మంచిది; పుంజులే కాదు, పెట్టలు కూడా పోరుకు వెనుదీయవు.

మేము చెప్పిన ఇంటిలో ఇప్పుడు ఏడు పెట్టలకు మూడు చెక్క పెట్టెలు, మూడు పందిళ్ళు, రెండు కుండలు ఉన్నాయి. అన్నింటికన్నా బలమైన నల్ల పెట్ట ఇంకా మొదటి కుండ దగ్గరే నిలబడుతుంది. తక్కినవి రెండవ కుండకు పోతాయి.