జైలు, స్మారకం, యూనియను: ఒక హాలు కథ

రెండేళ్ళ క్రితం మా టీములో ఒకబ్బాయిని శుక్రవారం సాయంత్రం మీటింగు రూముకి పిలిచారు. పది నిమిషాల్లో బయటికొచ్చేశాడు. తనంతట తనే రాజీనామా చేస్తున్నట్టు కాగితం మీద సంతకం తీసుకున్నారట. "ఎందుకు పెట్టావురా?" అంటే, "అటువైపు ముగ్గురు, ఇటువైపు నేనొక్కణ్ణే" అన్నాడు.

అప్పట్నుంచీ ఈ గదుల సంగతి నా బుర్రలో తిరుగుతూనే ఉంది. పనిచేసేవాళ్ళు మొదట్లో ఎక్కడ కూర్చుని మాట్లాడుకున్నారు అని వెతుక్కుంటూ పోతే లండన్లో ఒక హాలు దొరికింది. ఫారింగ్డన్ వీధిలోని మెమోరియల్ హాల్.

ఆ స్థలం చరిత్రే తమాషాగా ఉంటుంది. అక్కడ వందల ఏళ్ళపాటు ఫ్లీట్ జైలు ఉండేది. అప్పులు తీర్చలేనివాళ్ళని ఎక్కువగా అందులోనే పెట్టేవారు. 1842లో మూసేశారు, 1846లో కూలగొట్టారు. తర్వాత కాంగ్రిగేషనల్ చర్చివాళ్ళు ఆ చోటు కొని హాలు కట్టి 1875లో తెరిచారు. దేనికి స్మారకం అనుకున్నారు? 1662లో రాజ్యం ఒకే ప్రార్థనా పుస్తకాన్ని అందరి మీదా రుద్దితే, ఒప్పుకోలేమన్న సుమారు రెండు వేలమంది మతబోధకుల ఉద్యోగాలు ఊడాయి. వాళ్ళ జ్ఞాపకార్థం అన్నమాట. అంటే ఉద్యోగం పోయినవాళ్ళ కోసమే కట్టిన భవనం!

సరే, అసలు విషయానికొస్తా. 1900 ఫిబ్రవరి 27న ఆ హాల్లో 129 మంది ప్రతినిధులు సమావేశమయ్యారు. యూనియన్లవాళ్ళు, సోషలిస్టులు, ఫేబియన్లు.. ఒకరంటే ఒకరికి పెద్దగా పడదు. అయినా కెయిర్ హార్డీ చొరవతో పార్లమెంటులో కార్మికులకో గుంపు ఉండాలని ఒప్పుకుని, లేబర్ రిప్రజెంటేషన్ కమిటీ పెట్టారు. కార్యదర్శి రామ్సే మెక్డొనాల్డ్. ఆ ఏడాది ఎన్నికల్లో వచ్చినవి రెండే సీట్లు. బొగ్గుగని కార్మికుల సమాఖ్య అయితే 1909 దాకా చేరనేలేదు. "మనకెందుకులే" అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు!

వాళ్ళని కదిలించింది ఉపన్యాసాలు కాదు, ఒక కోర్టు తీర్పు. టాఫ్ వేల్ అనే రైల్వే కంపెనీ, సమ్మెవల్ల నష్టపోయామని యూనియను మీద దావా వేసింది. 1901లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కంపెనీ పక్షాన తీర్పిచ్చింది. నష్టపరిహారమే 23,000 పౌన్లు. సమ్మె చేస్తే యూనియను గల్లాపెట్టె ఖాళీ అన్నమాట. దాంతో రెండేళ్ళలో కమిటీలో సభ్యుల సంఖ్య రెండింతలు దాటింది. 1906లో 29 సీట్లొచ్చాయి, పేరు లేబర్ పార్టీ అయింది, యూనియన్లని అలాంటి దావాల నుంచి కాపాడే చట్టమూ వచ్చింది. 1924లో మెక్డొనాల్డే ప్రధానమంత్రి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ హాలు నుంచి అన్నీ విజయాలే రాలేదు. 1926 మే 1న అక్కడే యూనియన్ల నాయకులు సార్వత్రిక సమ్మెకి ఓటేశారు. అనుకూలం 36,53,527, వ్యతిరేకం 49,911. ఇంత మెజారిటీతో మొదలైన సమ్మె తొమ్మిది రోజుల్లో ఆగిపోయింది. గని కార్మికులు మాత్రం నెలల తరబడి ఒంటరిగా పోరాడి, చివరికి తక్కువ కూలికి ఎక్కువ గంటలు పనిచెయ్యడానికి లోపలికెళ్ళారు.

ఇదంతా మనకెందుకంటారా? టాఫ్ వేల్ లాంటి కథే మద్రాసులోనూ జరిగింది. సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అనే ఇద్దరు పూనుకుని బి.పి. వాడియాని తీసుకొస్తే, 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. బిన్నీ కంపెనీ వాడియా మీద హైకోర్టుకెళ్ళి నిషేధపుటుత్తర్వు తెచ్చుకుంది. చివరికి వాడియా యూనియను వదిలెయ్యాలన్న షరతుతో రాజీ! ఆ దెబ్బకే ఎన్.ఎం. జోషి 1921లో కేంద్ర శాసనసభలో చట్టం కావాలని అడిగాడు. అలా వచ్చిందే 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం. యూనియన్లకి సివిల్ దావాల నుంచి రక్షణ మనకి అక్కణ్ణుంచే.

మనవాళ్ళతో ఈ మాటెత్తితే "యూనియనెందుకు బాబూ, నచ్చకపోతే స్విచ్ కొడితే ముప్ఫై శాతం హైకు" అంటారు. నేనూ అన్నవాణ్ణే. మార్కెట్ బావున్నప్పుడు అది నిజమే. బాలేనప్పుడే ఆ మీటింగు రూములోకి పిలుపొస్తుంది. 2017లో కర్ణాటకలో ఐటీ ఉద్యోగులు యూనియను పెట్టుకున్నారు కాబట్టి, అసాధ్యమైతే కాదు.

మెమోరియల్ హాలుని 1968లో పడగొట్టేశారు. ఇప్పుడక్కడ ఆఫీసు భవనాలు, లేబర్ పార్టీ అక్కడ పుట్టిందని చెప్పే ఫలకం. ఆ భవనాల్లో కూడా మీటింగు రూములుండే ఉంటాయి. మన హైటెక్ సిటీలో అయితే లెక్కే లేదు. ఇటువైపు కూడా ముగ్గురు కూర్చునే గది మాత్రం నేనింకా చూళ్ళేదు.