మాన్‌స్టైన్: చెప్పిన యుద్ధం, చెప్పని యుద్ధం

సేనానులు రాసుకున్న జ్ఞాపకాలతో సాహిత్య విమర్శకు పనిలేదని మనం అనుకుంటాం. అది పొరపాటు. రెండవ ప్రపంచ యుద్ధాన్ని గురించి పాశ్చాత్య పాఠకులకు ఏర్పడిన అభిప్రాయాలలో చాలా భాగం అటువంటి పుస్తకాల నుంచి వచ్చినవే. వాటిలో ముఖ్యమైనది జర్మన్ ఫీల్డ్ మార్షల్ ఎరిక్ ఫాన్ మాన్‌స్టైన్ 1955లో ప్రకటించిన 'పోగొట్టుకున్న విజయాలు'.

1887లో బెర్లిన్‌లో సైనిక కుటుంబంలో పుట్టిన మాన్‌స్టైన్ యుద్ధవిద్యలో అసమర్థుడేమీ కాదు. ఆర్డెన్స్ అడవుల గుండా ట్యాంకులను నడిపించి ఫ్రాన్స్‌ను దెబ్బతీయవచ్చునన్న ఆలోచన ప్రధానంగా అతనిదే. 1940 మే 10న మొదలైన ఆ దాడితో ఆరు వారాలలో ఫ్రాన్స్ లొంగిపోయింది. 1942 జూలైలో సెవస్తోపోల్‌ను పట్టుకున్నందుకు అతను ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. ఆ డిసెంబరులో స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కుకున్న జర్మన్ సైన్యాన్ని విడిపించబోయి విఫలుడయ్యాడు. 1943 మార్చిలో ఖార్కోవ్‌ను తిరిగి పట్టుకున్నాడు. జూలైలో కుర్స్క్ వద్ద దెబ్బతిన్నాడు. 1944 మార్చిలో హిట్లర్ అతన్ని పదవి నుంచి తప్పిస్తూనే, నైట్స్ క్రాస్ పతకానికి ఖడ్గాల చిహ్నాన్ని కూడా చేర్చి సత్కరించాడు.

ఇది చెప్పిన యుద్ధం. చెప్పనిది క్రిమియాలో జరిగింది.

1941 సెప్టెంబరులో మాన్‌స్టైన్ పదకొండవ సైన్యానికి అధిపతి అయ్యాడు. యూదు-బోల్షివిక్ వ్యవస్థను సమూలంగా నిర్మూలించాలనీ, యూదులను కఠినంగా శిక్షించవలసిన అవసరాన్ని ప్రతి సైనికుడూ గ్రహించాలనీ చెప్పే ఆజ్ఞాపత్రం మీద నవంబరు 20న సంతకం చేశాడు. డిసెంబరులో, అతని సైన్యం అధీనంలో ఉన్న సింఫెరోపోల్ పట్టణంలో పదివేల మందికి పైగా యూదులను కాల్చి చంపారు. కాల్చినవి ఓలెన్‌డార్ఫ్ నాయకత్వంలోని హంతక దళాలు. కాని వారికి లారీలూ మనుషులూ సమకూర్చింది సైన్యమే. 1946లో న్యూరెంబర్గ్‌లో ఆ ఆజ్ఞాపత్రాన్ని ముందు పెట్టినప్పుడు మాన్‌స్టైన్ సంతకాన్ని కాదనలేదు. ఆ పత్రం మాత్రం తనకు జ్ఞాపకం లేదన్నాడు.

1949లో హాంబర్గ్‌లోని బ్రిటిష్ సైనిక న్యాయస్థానం పదిహేడు అభియోగాలలో తొమ్మిదింటిపై అతన్ని దోషిగా తేల్చి పద్ధెనిమిదేళ్ళ శిక్ష విధించింది. అది పన్నెండేళ్ళకు తగ్గింది. 1953లో విడుదలే అయిపోయింది. ఎందుకు? అప్పటికి ప్రచ్ఛన్న యుద్ధం ముదిరింది. పశ్చిమ జర్మనీకి మళ్ళీ సైన్యం కావలసివచ్చింది. సైన్యం కావాలంటే గౌరవనీయులైన సేనానులు కావాలి. అతని రక్షణ నిధికి చర్చిల్ కూడా చందా ఇచ్చాడు. 1958లో వచ్చిన ఇంగ్లీషు అనువాదానికి సైనిక చరిత్రకారుడు లిడెల్ హార్ట్ ముందుమాట రాశాడు.

ఈ నేపథ్యంలో ఆ పుస్తక నిర్మాణాన్ని గమనించాలి. రాజకీయ విషయాల జోలికి పోననీ, సైనికుడిగానే రాస్తాననీ రచయిత మొదట్లోనే చెబుతాడు. చూడడానికి ఇది వినయం లాగా ఉంటుంది. నిజానికి ఈ హద్దు గీయడంతోనే సింఫెరోపోల్ కథలోంచి జారిపోయింది. మిగిలింది డివిజన్లూ, నదులూ, పటాలూ. తప్పులన్నీ హిట్లర్‌వి, నైపుణ్యమంతా సేనానులది. నిష్కళంక జర్మన్ సైన్యమనే కల్పన ఇటువంటి పుస్తకాల మీదనే నిలబడింది. 1973లో మాన్‌స్టైన్ సైనిక లాంఛనాలతో సమాధి అయ్యేనాటికి కూడా అది చెక్కుచెదరలేదు. 1995లో హాంబర్గ్‌లో మొదలైన ప్రదర్శన సైన్యం చేసిన నేరాల ఫొటోలనూ పత్రాలనూ సామాన్య జనం ముందు పెట్టాకనే అది బహిరంగంగా బద్దలైంది.

అబద్ధం చెప్పకుండానే అబద్ధాన్ని నిర్మించే మార్గం వస్తువును కుదించడం. ఈ పని సేనానులు మాత్రమే చేయరు. ఒక రచనలో ఏముందో వివరించడంతో విమర్శకుని బాధ్యత తీరదు. రచయిత తన వస్తువుకు గీసుకున్న హద్దు ఎవరిని బయట నిలబెట్టిందో కూడా అడగాలి.