ఎడ్రినలిన్ గ్రాహకాలు – ఒక చిక్కుముడి వీడిన చరిత్ర

తీవ్రమైన ఎలర్జీతో ఊపిరి అందక, రక్తపోటు పడిపోయి రోగి కుప్పకూలినప్పుడు ఎడ్రినలిన్ ఇంజెక్షనును తొడ కండరంలోనికి ఇస్తారు. చర్మం కింద ఎందుకు ఇవ్వరు? ఈ ప్రశ్నకు సమాధానం సన్నని రక్తనాళాల గోడలలో ఉన్నది. దానిని తెలుసుకోవడానికి వైద్యశాస్త్రానికి నూరేళ్లు పట్టింది.

1894లో ఇంగ్లండులోని హారోగేట్ పట్టణ వైద్యుడు జార్జ్ ఆలివర్, లండన్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ షేఫర్ కలిసి అధివృక్క గ్రంథి సారాన్ని జంతువులకు ఎక్కించి చూశారు. సన్నని ధమనులు ముడుచుకొని రక్తపోటు ఒక్కసారిగా పెరిగింది. ఆ సారంలోని హార్మోనే ఎడ్రినలిన్. అది నాళాలను బిగించే పదార్థమని అందరూ భావించారు.

1906లో హెన్రీ డేల్ ప్రయోగాలు ఈ నమ్మకాన్ని కుదిపివేశాయి. రై ధాన్యపు కంకులకు పట్టే ఎర్గాట్ బూజు నుండి తీసిన మందును ముందుగా ఇచ్చి, తరువాత ఎడ్రినలిన్ ఇస్తే రక్తపోటు పెరగడానికి బదులు తగ్గింది! ఒకే హార్మోను బిగించడమూ, సడలించడమూ ఎలా చేయగలదు? శరీరంలో అది రెండు వేర్వేరు పదార్థాలుగా మారుతుందని 1930లలో వాల్టర్ కానన్, ఆర్టురో రోసెన్‌బ్లూత్ వాదించారు. ఆ వాదమే చాలాకాలం నిలిచింది.

అమెరికాలోని జార్జియా వైద్య కళాశాలలో రేమండ్ ఆల్‌క్విస్ట్ మరో దారిలో ఆలోచించాడు. ఎడ్రినలిన్‌ను పోలిన కొన్ని రసాయనాల బలాన్ని వేర్వేరు అవయవాలపై పోల్చి చూశాడు. నాళాలను బిగించడంలో బలహీనమైన ఐసోప్రొటరినాల్, వాటిని సడలించడంలో అన్నిటికంటే బలంగా పనిచేసింది. కనుక తేడా హార్మోనులో లేదు, దానిని అందుకునే గ్రాహకాలలో ఉన్నదని తేల్చి, వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. ఒక పత్రిక తిప్పిపంపిన ఈ వ్యాసం 1948లో మరొక పత్రికలో వెలువడింది. పదేళ్లకు పైగా దానిని పట్టించుకున్నవారు తక్కువే. ఆ ఊహనే ఆధారం చేసుకొని జేమ్స్ బ్లాక్ 1960లలో ప్రొప్రనలాల్ రూపొందించాడు. 1967లో లాండ్స్ బృందం బీటా గ్రాహకాలను మరల రెండుగా విభజించింది.

చర్మపు నాళాలలో ఆల్ఫా గ్రాహకాలదే ఆధిక్యం. ఎడ్రినలిన్ తగిలితే అవి ముడుచుకుంటాయి. కండరాల నాళాలలో ఆల్ఫాతోపాటు బీటా-2 గ్రాహకాలు కూడా సమృద్ధిగా ఉంటాయి. హార్మోను కొద్ది మోతాదులో ఉన్నప్పుడు అవి నాళాలను విప్పుతాయి. ప్రమాదం ఎదురైనప్పుడు చర్మం పాలిపోవడం, కాళ్ల కండరాలకు రక్తం పరుగెత్తడం ఈ ఏర్పాటు వల్లనే.

1998లో కెనడాలో ఎస్టెల్ సైమన్స్ బృందం పిల్లలలో జరిపిన చిన్న అధ్యయనం దీని విలువను చూపింది. తొడ కండరంలో ఇచ్చిన ఎడ్రినలిన్ సగటున 8 నిమిషాలలో రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరింది. చర్మం కింద ఇచ్చినప్పుడు 34 నిమిషాలు పట్టింది. అక్కడి నాళాలను బిగించి మందు తన దారిని తానే మూసుకుంటుంది. ఊపిరాడని రోగికి ఆ వ్యవధి ప్రాణంతో సమానం.

రక్తపోటుకో, గుండెకో బీటా నిరోధక మాత్రలు వాడేవారిలో ఎడ్రినలిన్ పూర్తిగా పనిచేయకపోవచ్చు. కనుక తీవ్రమైన ఎలర్జీ ఉన్నవారు ఆ సంగతిని వైద్యునికి ముందే చెప్పాలి. మాత్రలను మాత్రం సొంతంగా, హఠాత్తుగా మానరాదు.