వారధి, అడ్డుకట్ట: నెట్‌వర్క్ బ్రిడ్జి చారిత్రక పరిణామం

1. ఉపోద్ఘాతం:

సంస్కృతంలో ‘సేతు’ శబ్దానికి నీటిని నిలిపే కట్ట అనీ, దాటించే వారధి అనీ రెండర్థాలున్నాయి. కంప్యూటర్ నెట్‌వర్కులను కలిపే ‘బ్రిడ్జి’ని తెలుగులో ‘వంతెన’ అన్నప్పుడు ఆ రెండో అర్థం మాత్రమే స్ఫురిస్తుంది. నిజానికి ఆ సాధనం అవసరమైన సమాచారాన్ని దాటిస్తుంది, అవసరం లేనిదాన్ని ఆపుతుంది. ఈ రెండు పనులూ ఒకే సాధనంలో ఎందుకు చేరాయి? దానివల్ల ఏ సమస్య తలెత్తింది? ఈ అంశాలను చారిత్రక క్రమంలో పరిశీలించి, తరచూ ఎదురయ్యే సందేహాలను ఆ వెలుగులో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. నేపథ్యం:

1973లో జిరాక్స్ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్‌ను ప్రతిపాదించారు. ఆయన, డేవిడ్ బాగ్స్ కలిసి దాన్ని వివరించిన పరిశోధన పత్రం 1976లో వెలువడింది. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో దాని ప్రమాణాన్ని ప్రకటించాయి.

ఈ పద్ధతిలో కంప్యూటర్లన్నీ ఒకే తీగను పంచుకుంటాయి. ఒకటి పంపినది అన్నింటికీ వినిపిస్తుంది. రెండు ఒకేసారి పంపితే సంకేతాలు ఢీకొంటాయి. అప్పుడు రెండూ ఆగి, కొంత వ్యవధి తరువాత మళ్లీ ప్రయత్నిస్తాయి. అందువల్ల రెండు పరిమితులు ఏర్పడ్డాయి. మొదటిది దూరం: మందపాటి తీగ ఒక్కో ఖండం 500 మీటర్లు మించకూడదు, రిపీటర్లతో ఖండాలను కలిపినా మొత్తం 2,500 మీటర్లు దాటకూడదు. రెండోది రద్దీ: రిపీటర్ సంకేతానికి బలం చేకూరుస్తుందే తప్ప రద్దీని విడదీయదు.

రౌటర్లతో విడదీయవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. అయితే డిజిటల్ సంస్థవారి ‘లాట్’ వంటి ఆనాటి కొన్ని ప్రోటోకాల్‌లలో రౌటర్ చదవగల నెట్‌వర్క్ చిరునామా లేదు. వాటిని వాడుతున్న యంత్రాలను మార్చకుండానే నెట్‌వర్కును విస్తరించవలసి వచ్చింది.

3. బ్రిడ్జి పనిచేసే తీరు:

1980ల మొదటి సగంలో డిజిటల్ సంస్థ ఇంజనీరు మార్క్ కెంప్ ఈ అవసరానికి తగిన బ్రిడ్జిని రూపొందించారు. ప్రతి ఈథర్‌నెట్ ఫ్రేమ్‌లోనూ పంపినవారి చిరునామా, చేరవలసినవారి చిరునామా 48 బిట్ల చొప్పున ఉంటాయి. బ్రిడ్జి తన రెండు వైపులా వచ్చే ఫ్రేమ్‌లన్నింటినీ వింటుంది. పంపినవారి చిరునామాను బట్టి ఏ యంత్రం ఏ వైపున ఉందో పట్టికలో నమోదు చేసుకుంటుంది. చేరవలసిన యంత్రం అదే వైపున ఉంటే ఫ్రేమ్‌ను ఆపుతుంది, అవతలి వైపున ఉంటే దాటిస్తుంది. అది ఎక్కడుందో ఇంకా తెలియకపోతే వచ్చిన వైపు తప్ప మిగిలిన అన్ని వైపులకూ పంపుతుంది. కొంతకాలం అలికిడి లేని చిరునామాను పట్టికనుంచి తొలగిస్తుంది. ఆ గడువు ప్రమాణం ప్రకారం సాధారణంగా 300 సెకన్లు.

మధ్యలో బ్రిడ్జి ఉన్నట్టు ఏ యంత్రానికీ తెలియదు. ఫ్రేమ్‌లో ఏ మార్పూ జరగదు. ఈ ‘పారదర్శకత’ దాని విజయానికి కారణమైంది. తరువాతి చిక్కు కూడా దీనినుంచే వచ్చింది.

4. వలయ సమస్య - పెర్ల్‌మన్ పరిష్కారం:

ఒక బ్రిడ్జి చెడిపోయినా పని ఆగకూడదని రెండు ఖండాల మధ్య రెండు బ్రిడ్జిలు అమర్చారనుకుందాం. అందరికీ ఉద్దేశించిన ఒక ఫ్రేమ్‌ను మొదటిది అవతలికి దాటిస్తే రెండోది దాన్ని కొత్త ఫ్రేమ్‌గా భావించి ఇవతలికి తెస్తుంది. ఐపీ ప్యాకెట్‌లో ప్రతి రౌటర్ వద్దా తగ్గే ఒక సంఖ్య ఉంటుంది. అది సున్నా అయితే ప్యాకెట్ నశిస్తుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌లో అటువంటి లెక్క లేదు. కనుక ఆ ఫ్రేమ్ తిరుగుతూనే ఉంటుంది. బ్రిడ్జిలు మరికొన్ని ఉంటే ప్రతులు పెరిగి నెట్‌వర్కు స్తంభిస్తుంది.

ఈ సమస్యను డిజిటల్ సంస్థలో రేడియా పెర్ల్‌మన్ పరిష్కరించారు. 1985లో ప్రచురించిన ‘స్పానింగ్ ట్రీ’ పద్ధతిలో బ్రిడ్జిలు చిన్న సందేశాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. అతి తక్కువ గుర్తింపు సంఖ్య గల బ్రిడ్జిని మూలంగా ఎన్నుకుంటాయి. ప్రతి బ్రిడ్జీ మూలానికి అతి తక్కువ వ్యయంతో చేరే దారిని గుర్తిస్తుంది; వలయం కలిగించే దారులు మూతపడతాయి. మిగిలేది కొమ్మలు తిరిగి కలవని చెట్టు. జాయిస్ కిల్మర్ కవిత ‘ట్రీస్’ను అనుకరిస్తూ పెర్ల్‌మన్ ఈ పద్ధతిని ఒక చిన్న కవితగానూ రాశారు. 1990లో ఇది ఐఈఈఈ 802.1డి ప్రమాణంలో చేరింది.

5. తరచూ ఎదురయ్యే సందేహాలు:

అ) స్విచ్ వేరు, బ్రిడ్జి వేరా? సూత్రం ఒక్కటే. స్విచ్ అనేక ద్వారాలున్న వేగవంతమైన బ్రిడ్జి. 1990లో అమెరికాలోని ‘కల్పన’ సంస్థ తెచ్చిన ‘ఈథర్‌స్విచ్’ ఈ మార్పుకు నాంది.

ఆ) రెండు కనెక్షన్లను బ్రిడ్జి చేస్తే వేగం రెట్టింపవుతుందా? కాదు. బ్రిడ్జి రెండు ఖండాలను ఒకే నెట్‌వర్కుగా చేస్తుంది; ఒకే ప్రవాహాన్ని రెండు దారుల్లోకి పంచదు. రెండూ ఒకే నెట్‌వర్కుకు చెందినవైతే వలయం ఏర్పడే ప్రమాదం కూడా ఉంది.

ఇ) బాగున్న తీగను ఎందుకు ఖాళీగా ఉంచాలి? అది వృథా కాదు, నిల్వ. వాడుకలో ఉన్న దారి తెగితే మూసిన దారి తెరుచుకుంటుంది. తొలి ప్రమాణంలో దీనికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. 2001లో వచ్చిన సవరణ ఈ జాప్యాన్ని బాగా తగ్గించింది.

ఈ) స్పానింగ్ ట్రీ ఉంటే ఇక ప్రమాదం లేదా? ఉంది. 2002 నవంబరులో బోస్టన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో, ఈ పద్ధతి హద్దులు దాటి పెరిగిన నెట్‌వర్కు కుప్పకూలింది. కొన్ని రోజులపాటు వైద్యులు కాగితాలపైనే పనిచేయవలసి వచ్చింది.

6. ముగింపు:

ఎవరినీ మారమని అడగకపోవడం బ్రిడ్జి బలం. ఆ సౌలభ్యానికి మూల్యం ఫ్రేమ్‌లో లేని ఆ ఒక్క లెక్క. పెర్ల్‌మన్ స్వయంగా 2004లో ప్రతిపాదించగా 2011లో ప్రమాణమైన ‘ట్రిల్’ పద్ధతి, ఫ్రేమ్‌పై మరో పొరను తొడిగి ఆ లెక్కను చేర్చింది. అంటే తాత్కాలిక అవసరానికి చేసిన ఏర్పాటు స్థిరపడిపోగా, దాని లోటును పూడ్చే ప్రయత్నం రెండు దశాబ్దాల తరువాత కూడా సాగింది. ఈ చరిత్ర దృష్ట్యా పారిభాషిక పదంగా ‘వంతెన’ కన్నా ‘సేతువు’ సమంజసమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. దాటించడాన్నీ, నిలపడాన్నీ కలిపి చెప్పగల మాట మనకు ముందునుంచీ ఉంది.