ఆ రజని మధ్యాహ్నం వచ్చి ఉంటే?

బోథ్‌లో కాపురముండగా ఓ మిక్సీ కొన్నాను. నెల తిరక్కుండానే మాడిపోయింది. "మేమేం చేస్తామమ్మా" అన్నాడు దుకాణదారు. నోరు మూసుకొని వచ్చేశాను. రసీదు మాత్రం పోపులడబ్బా కింద భద్రంగానే ఉంది!

1985లో దూరదర్శన్‌లో "రజని" అని హిందీ సీరియల్ వచ్చేది, జ్ఞాపకముందా? బాసు చటర్జీ తీశారు, ప్రియా టెండూల్కర్ నటించారు. రజని మనలాంటి ఇల్లాలే. గ్యాసు సిలిండరు విషయంలోనైనా సరే, అన్యాయం జరిగితే ఊరుకునేది కాదు. కాని అది వచ్చేది ఆదివారం పొద్దున. మనకేమో అప్పుడు పిల్లల తలంట్లు, వంటపని! పైగా హిందీ. వంటింట్లోంచి సగం విని, సగం వదిలేశాం.

వినియోగదారుల రక్షణ చట్టం 1986 డిసెంబరులో వచ్చింది. ఆ తర్వాత ఓ తెలుగు రజని, మనం అంట్లు తోముకొని కూర్చునే మధ్యాహ్నం రెండింటికి వచ్చి ఉంటే? జిల్లా ఫోరం ఒకటుందనీ, వకీలు లేకుండానే మొర పెట్టుకోవచ్చుననీ నాకు ఆనాడే తెలిసేది. ఆ మిక్సీ మూలన పడేది కాదు.

ఇప్పుడున్నది 2019 నాటి చట్టం. ఫోరం పేరు కమిషన్ అయింది. వకీలు ఇప్పటికీ తప్పనిసరి కాదు, గడువు మాత్రం రెండేళ్లే సుమా! కనుక ఈ పూటే రసీదులన్నీ ఒక కవరులో పెట్టుకోండి. సెలవు.