ఈటె వైపు, కదురు వైపు: ఆల్ఫ్రెడ్ రాజు వంశావళి

ఆంగ్ల సాహిత్యం చదువుకునే రోజుల్లో ఆల్ఫ్రెడ్ రాజు నాకు ఆంగ్ల వచనానికి ఆద్యుడుగా పరిచయమయ్యాడు. డేన్ల దండయాత్రలను నిలవరించాడు, లాటిన్ గ్రంథాలను జనభాషలోకి తెచ్చాడు అని నోట్సు రాసుకుని పరీక్ష గట్టెక్కాను. ఆయన వంశావళిని శ్రద్ధగా చదివింది చాలా ఏళ్ళ తర్వాత. చదివాక ఒక సంగతి స్పష్టమయింది. రాజుల వంశావళి గతించిన వారి జ్ఞాపకం కోసం పుట్టదు. బతికి ఉన్నవారి అధికారం కోసం పుడుతుంది.

ఆల్ఫ్రెడ్ ఆస్థానంలో ఉన్న అసెర్ అనే మతాచార్యుడు 893లో ఆయన జీవితచరిత్ర రాశాడు. 849లో వాంటేజిలో రాజు పుట్టాడని చెప్పిన వెంటనే వంశక్రమం మొదలుపెట్టాడు. తండ్రి ఎథెల్‌వుల్ఫ్, తాత ఎగ్‌బర్ట్, అక్కడినుంచి వెస్సెక్స్ రాజ్య స్థాపకుడు సెర్డిక్, ఇంకా పైకి వోడెన్, చివరికి ఆదాము. కావ్యావతారికల్లో కృతిభర్తల వంశవర్ణన చదివిన మనకు ఈ పద్ధతి కొత్త కాదు. అయితే ఈ నిచ్చెన మెట్లు ఎక్కడెక్కడ అతికించారో చూడాలి.

మొదటి అతుకు ఎగ్‌బర్ట్ దగ్గరే ఉంది. ఐన్ అనే రాజు 726లో సింహాసనం వదిలి రోముకు వెళ్ళాడు. ఎగ్‌బర్ట్ 802లో గద్దె ఎక్కాడు. మధ్య 76 ఏళ్ళలో అయిదుగురు రాజులు వెస్సెక్స్‌ను ఏలారు. ఎగ్‌బర్ట్ తండ్రి గాని, తాత గాని వారిలో లేరు. అందుకని వంశావళి ఇంగిల్డ్ అనే వ్యక్తిని పట్టుకుంది. ఆయన ఐన్ తమ్ముడట. ఏనాడూ రాజ్యం ఏలని ఇంగిల్డ్ మీదుగా ఎగ్‌బర్ట్‌ను పాత రాజవంశానికి కలిపారు.

రెండవ చిక్కు సెర్డిక్. అయిదు ఓడలతో 495లో వచ్చి బ్రిటన్లను ఓడించాడని ఆంగ్లో-శాక్సన్ వృత్తాంతం చెబుతుంది. కాని ఆ పేరు జర్మానిక్ భాషలది కాదు, బ్రిటన్లదే! జయించిన జాతి మూలపురుషుడు ఓడిన జాతి పేరు పెట్టుకుని నిలబడ్డాడు. రక్తశుద్ధి గురించి మాట్లాడేవారు ఈ ఒక్క పేరు దగ్గర ఆగి ఆలోచిస్తే చాలు.

సెర్డిక్‌కు పైనున్న పేర్ల సంగతి కెనెత్ సిసమ్ 1953లో తేల్చాడు. ఉత్తరాన బెర్నీసియా రాజుల పట్టికలోంచి కొన్ని పేర్లు అరువు తెచ్చారు. ఎలెసా, ఎస్లా వంటి పేర్లు అక్షరసామ్యం కోసం చేరాయి. అంటే ఈ వంశక్రమాన్ని కూర్చింది పద్యం తెలిసినవాడే. ఇక వోడెన్ క్రైస్తవానికి ముందునాటి దేవుడు. మతం మారిన రాజులు ఆయన్ను వదులుకోలేరు, దేవుడుగా ఉంచుకోలేరు. అందుకని మనిషిని చేసి పూర్వీకుల్లో కూర్చోబెట్టారు. 731 నాటికే బీడ్ తన చరిత్రలో అనేక రాజవంశాలకు వోడెన్ మూలపురుషుడని రాశాడు.

మనిషన్నాక ఆయనకూ తండ్రి, తాత ఉండాలి. వృత్తాంతంలో 855 కింద ఎథెల్‌వుల్ఫ్ వంశక్రమం ఉంది. కొన్ని ప్రతుల్లో అది షీఫ్ అనే వాడిదాకా పోతుంది. ఇతడు నోవహు ఓడలో పుట్టిన కొడుకట. బైబిలు నోవహుకు ముగ్గురే కొడుకులంటుంది. వెస్సెక్స్ రాజుల అవసరం కోసం ఓడలో నాలుగోవాడు పుట్టాడు. షీఫ్ అంటే అర్థం ధాన్యపు పన.

పైకి పోయేకొద్దీ పూర్వీకులు పెరిగారు. కింద, సొంత ఇంట్లో మాత్రం బంధువులను తగ్గించవలసి వచ్చింది. ఆల్ఫ్రెడ్ కంటే ముందు ముగ్గురు అన్నలు వరుసగా రాజులయ్యారు. మూడో అన్న ఎథెల్‌రెడ్ 871లో చనిపోయేనాటికి ఆయనకు ఇద్దరు చిన్న కొడుకులున్నారు. డేన్లతో యుద్ధం సాగుతోంది, పసివాళ్ళు రాజ్యం ఏలలేరు. ఆల్ఫ్రెడ్ రాజయ్యాడు. ఆయన 899లో చనిపోగానే ఆ కొడుకుల్లో ఒకడు, ఎథెల్‌వోల్డ్, రాజ్యం నాదన్నాడు. ఆల్ఫ్రెడ్ కొడుకు ఎడ్వర్డ్ మీద తిరగబడి, డేన్లతో చేరి, 902లో యుద్ధంలో చచ్చాడు. తండ్రినుంచి కొడుక్కి తిన్నగా గీసిన గీత వెనక ఇలాంటి శవాలుంటాయి.

ఆల్ఫ్రెడ్ వీలునామా మిగిలి ఉంది. తాత తన భూములను ఈటె వైపువారికి ఇచ్చాడు గాని కదురు వైపువారికి కాదని అందులో గుర్తు చేస్తాడు. ఈటె అంటే మగసంతతి, కదురు అంటే ఆడసంతతి. తల్లి ఓస్‌బర్ రాజుగారి పానపాత్రాధికారి కూతురు. వెస్సెక్స్‌లో రాజు భార్యను రాణి అనేవారు కాదనీ, రాజు పక్కన కూర్చోనిచ్చేవారు కాదనీ అసెరే రాశాడు. 868లో ఆల్ఫ్రెడ్ పెళ్ళి చేసుకున్న ఎల్హ్‌స్విత్ అయిదుగురు బిడ్డల తల్లి. అసెర్ ఆమె తండ్రి పేరు రాశాడు, తల్లి పేరు రాశాడు. ఆమె పేరు పుస్తకం మొత్తంలో ఎక్కడా రాయలేదు.

మరి శ్రమించే ప్రజలకు వంశావళి లేదా? లేదనే నేను చాలాకాలం అనుకున్నాను. ఉంది. ఆంగ్లో-శాక్సన్ యుగం చివరి దశలో ఈలీ మఠానికి సంబంధించిన ఒక పత్రంలో హాట్‌ఫీల్డ్ రైతు కుటుంబాల వివరాలు రాసిపెట్టారు. డుడ్డా అనే రైతు, అతని ముగ్గురు కూతుళ్ళు, ఏ కూతురు ఏ ఊళ్ళో ఎవరి భార్య - అన్నీ ఉన్నాయి. రాజు భార్యకు దక్కని చోటు ఈ రైతు కూతుళ్ళకు దక్కింది. సంతోషించవలసింది ఏమీ లేదు. వాళ్ళు భూమికి కట్టుబడిన మనుషులు. కూతురు పొరుగూరికి కాపురానికి వెళితే ఆమె, ఆమె బిడ్డలు ఎవరి సొత్తన్న లెక్క తప్పిపోకూడదు. రాజు వంశావళి నేల తనదని చెప్పడానికి, రైతు వంశావళి మనిషి మఠానిదని చెప్పడానికి. రాసిన చేతులు రెంటికీ మతాచార్యులవే.

బొయీథియస్ గ్రంథాన్ని ఆంగ్లంలోకి తెచ్చినప్పుడు ఆల్ఫ్రెడ్ పేరు మీదనే ఒక మాట చేరింది: ప్రార్థించేవారు, పోరాడేవారు, పనిచేసేవారు లేకుండా రాజు రాజ్యం చేయలేడని. తన పనిముట్లలో పనివాళ్ళు ఒకరని ఆ వచనం ఒప్పుకుంది. ఓడలో పుట్టిన పూర్వీకుడి పేరు పన అయినా, పన కోసినవాడు మాత్రం పనిముట్టుగానే మిగిలాడు.

ఈ వంశావళులను అబద్ధాలని కొట్టిపారేయడం తేలిక. అది మన పని కాదని నా అభిప్రాయం. ఇంగిల్డ్‌ను ఎందుకు వెతికారు, నాలుగో కొడుకును ఎందుకు పుట్టించారు, భార్య పేరు ఎందుకు వదిలేశారు అని అడిగితే ప్రతి అబద్ధమూ తన కాలం గురించి నిజం చెబుతుంది. సాహిత్య విద్యార్థులు ఎథెల్‌వుల్ఫ్ పక్కన డుడ్డాను పెట్టి చదవాలి. ఆ రెండు పత్రాలూ కలిస్తేనే ఆ కాలపు చరిత్ర.